దగ్గరి భూతం, దూరపు భూతం

మధ్యాహ్నం మాత్రలు మింగించాక
సిన్యోరా అద్దొలొరాతా ఎర్ర పెన్సిలు చెక్కుతుంది.
ముప్పై ఎనిమిదేళ్లు బారీ బడిలో చెవులు మెలిపెట్టిన చెయ్యి
చెంచా పట్టుకుంటే వణుకుతుంది,
పెన్సిలు పట్టుకుంటే వణకదు.

"నానూలీ, పార్తిరే. బయల్దేరడం. కానీ."
పార్తో, పార్తి, పార్తే...
కిటికీలోంచి ఓడరేవు కూత.
ఆరు పురుషలూ సంచులు సర్దుకుని
రోజూ నా నాలుక మీదుగా బయల్దేరతారు.
ఒక్కరూ గుమ్మం దాటరు.

"వచ్చాను" అని రాస్తే కొట్టేసింది.
"అర్రివాతో కాదు, అర్రివాతా. నువ్వు ఆడదానివి."
మా జార్జియన్‌లో ఏ క్రియా నన్ను ఆ మాట అడగలేదు.
ఇక్కడ రావాలన్నా, పోవాలన్నా, ఉండిపోవాలన్నా
చివరి అచ్చుకు గౌను తొడగాలి.
తోమాను, ఉతికాను, ఎత్తి పడుకోబెట్టాను,
వీటికి మాత్రం అక్కర్లేదట.
చాకిరీకి ఆడా మగా లేదు, ప్రయాణానికే ఉంది.

ఆదివారం కొడుకు రుజ్జేరో వస్తాడు.
నాతో "అస్పెత్తా" అంటాడు. ఆగు.
నేను ఆవిడతో "అస్పెత్తి" అనాలి. ఆగండి.
అకారం ఇకారమైతే చాలు, ఆజ్ఞ వంగి దణ్ణం పెడుతుంది.
"అది ఆజ్ఞ కాదే, కొంజుంతీవో.
కోరికకీ భయానికీ అనుమానానికీ పెట్టిన రూపం.
పెద్దవాళ్లని ఆగమనకూడదు,
ఆగితే బాగుండునని అనుమానపడాలి, అంతే."

పర్మిట్ పరీక్షకి అది అక్కర్లేదన్నాను.
గురువారం సెలవు పూట
పియాత్సా ఉంబెర్తో బెంచీ మీద కేతేవాన్ చెప్పింది:
వర్తమానం, కాస్త గతం, చాలు.
సిన్యోరా కళ్లజోడు తీసింది.
"అనుమానపడటం రాకుండా
ఈ దేశంలో ఎలా బతుకుతావు?"

ఇక భూతాలు.
దూరపు భూతం రాజులకి, యుద్ధాలకి, మానిన గాయాలకి.
దగ్గరి భూతానికి ఇంకా ఒళ్లు వెచ్చగా ఉంటుంది.
ఆవిడ మొగుడు పోయి నలభై ఒక్క ఏళ్లు.
అయినా "ఎ మోర్తో" అంటుంది, దగ్గరిదాంట్లోనే,
ఇందాకే పోస్టుమాన్ వచ్చి వెళ్లాడన్నట్టు.
తప్పు కదా అన్నాను.
"తప్పే," అంది.
దిద్దుకోలేదు.

ఆ రోజు కాఫీకి మోకా కుండ పొయ్యి మీద పెట్టి కూచున్నాం.
"బ్రుచారే. కాలడం. నీ సొంత వాక్యం రాయి."
నాకు వేరే ఏదీ తోచలేదు.

సుఖూమిలో మా ఇల్లు. తొంభై మూడు, సెప్టెంబరు.
నాకు పదకొండేళ్లు.
పచ్చి అక్రోటు తొక్కలు ఒలిచి
చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.
ఆ మరక వదలడానికి మూడు వారాలు పట్టింది,
అప్పటికి వేరే ఊళ్లో, హోటలు గదిలో, తొమ్మిది మందిమి.

దూరపు భూతంలో రాశాను: బ్రుచో.
పెన్సిలు కదల్లేదు. సరే.
కొట్టేసి, దగ్గరిదాంట్లో రాశాను: ఎ బ్రుచాతా.
ఇల్లు కూడా ఇక్కడ ఆడదే.
అదీ సరే.
నేను ఇంకా చూస్తున్నాను ఆ రెంటికేసి,
చెప్పులషాపులో ఏ జతా పట్టని దానిలా.

ఆవిడ కాగితం తన వైపు లాక్కుంది.
కింద, బడిపిల్లలకు రాసే గుండ్రటి దస్తూరితో:
బ్రుచావా.
కాలుతూ ఉండేది.
ఎప్పుడంటుకుందో, ఎప్పుడారిందో
చెప్పని గతం అది. పూర్తికానిదని దాని పేరు.
"దీనికి తేదీ అడగరు," అంది.

అప్పుడు వాసన వచ్చింది.
కాఫీ పొంగి, మంట మీద పడి మాడుతోంది.
కర్ర లేకుండానే లేచింది ఆవిడ, పొయ్యి వైపు.
"అస్పెత్తా!" అని అరిచాను.

అకారం.
ఇద్దరికీ వినపడింది.

పెన్సిలు ఆవిడ చేతిలోనే ఉంది.
నా వైపు చూసింది, కాగితం వైపు చూసింది,
మెల్లగా కూచుంది.